కేజీ రాయికి జిగురు

బోణీ బేరం తూస్తుండగా నా ఇనప కేజీ రాయి రెండుగా విరుగుతుంది. ముక్కల్ని విడివిడిగా తూచి చూస్తాను. ఏ ముక్కకాముక్క సరిగ్గా కేజీ ఉంది.

కంద కొనడానికి వచ్చినావిడ ఇందులో వింతేమీ లేనట్టు సంచీ చాపుతుంది. నేను తూచను. విరిగిన రాయితో బోణీ చేస్తే రోజంతా బేరాలు విరుగుతూనే ఉంటాయి.

చోటుకింతని ఆశీలు వసూలు చేసే సన్యాసినాయుడు అప్పటికే నా గోనెపట్టా పక్కన నిలబడి ఉన్నాడు. ఈ బజారులో ఎవరెక్కడ కూర్చోవాలో అతనే చెబుతాడు.

"రెండు కేజీలయినాయి గదే పైడమ్మా, ఇద్దరు కూకోవచ్చు. ఓ ముక్క మా బామ్మర్దికియ్యి. సగం చోటూ ఆడిదే," అంటాడు.

సందట్లో సడేమియా అంటే ఇదే. అతనా మాట అనగానే నా పట్టా ఒక చివర నుంచి చుట్టుకోవడం మొదలుపెడుతుంది. పెళ్లికి ముందు నుంచీ నేను కూర్చుంటున్న చోటది. వదులుకునే ఉద్దేశం నాకు లేదు.

"రాయి ఒకటే బాబూ. అతికించుకొస్తాను. అందాకా నా పట్టా మీద కాలెట్టకండి."

"అతికితే చోటు నీది. నేదంటే సగమే," అంటాడు నాయుడు.

చెరో చంకలో ఒక ముక్క ఇరికించుకుని ఇనప సామాన్ల కొట్టుకు వెళతాను. దాని మెట్లు ఎక్కేకొద్దీ కిందికి దిగుతాయి. అందరికీ అలవాటే.

జగ్గారావు షావుకారు బల్ల మీద జిగుర్లు పెడతాడు. మొదటిది చిన్న గొట్టం. ముట్టుకోకముందే బల్లకు అంటుకుని, అడగకముందే పెళుక్కున ఊడిపోతుంది.

"దీనిది తొందర బుద్ది అప్పా. టక్కున అంటుకుంటది, కింద పడితే టక్కున ఇడిపోద్ది. నీ రాయికి పనికిరాదు."

రెండోది తెల్లటి సీసా. అది కర్రకు తప్ప ఎవరికీ మర్యాద ఇవ్వదట. నా రాయిని చూసి మూత బిగించుకుంటుంది.

మూడోది జంట ట్యూబులు. ఒకదానికొకటి వీపు తిప్పుకుని నిలబడ్డాయి. సమానంగా కలిపితే ఇనుమును పట్టుకుని ఇక వదలవట.

"ముందు అంచులు ఉప్పుకాగితంతో గీకాల. నున్నగుంటే ఇవి నమ్మవు. గరుకుంటేనే పట్టు," అంటాడు షావుకారు.

నాకు నవ్వొస్తుంది. నీ నోరు గరుకు, కాస్త నున్నగా మాట్లాడు అని ఊరంతా నన్ను తోమి తోమి అలిసిపోయింది. ఉప్పుకాగితం పక్కన పెట్టి, విరిగిన అంచులకు దగ్గరగా వంగి, సన్యాసినాయుడి గురించి నాలుగు మాటలంటాను. తుప్పు పొడిపొడిగా రాలుతుంది. ట్యూబులు రెండూ ఇటు తిరుగుతాయి.

"పట్టుద్ది గానీ జిగురుకీ బరువుంటది. కేజీ దాటిపోద్ది. దొంగరాయంటారప్పా."

"దాటితే నష్టం నాది సావుకారూ. కొన్నోల్లకి దుంప ఎక్కువెల్తాది. అదెలగ దొంగతనం?"

షావుకారు ఆలోచించి, ట్యూబులు నా చేతికిస్తాడు.

ముక్కలు కలిపి అరచేతుల మధ్య నొక్కిపడతాను. గట్టిపడేదాకా కదపకూడదు కాబట్టి అలాగే బజారుకు నడుస్తాను. దారిలో చేతులూ రాయీ ఒకటైపోతాయి. నొప్పి లేదు. కోపం ఉంది, అది నాకు హాయిగా ఉంది.

పట్టా రుమాలంత మిగిలింది. బామ్మర్ది దాని అంచున చతికిలబడబోతున్నాడు.

"రాయేదీ?" అంటాడు నాయుడు.

"నా చేతులకంటుకుపోనాది. చేతులు నాకంటుకునున్నాయి. అంతా కలిపి తూసుకోండి," అంటూ తక్కెడ పళ్లెంలో ఎక్కి కూర్చుంటాను.

అవతలి పళ్లెంలో బామ్మర్దిని ఎక్కిస్తాడు. ముల్లు కదలదు. పళ్లు కొరుక్కుంటూ తనూ ఎక్కుతాడు. వాళ్ల వెనక కూరల బుట్టలు ఎక్కుతాయి, రేకుల షెడ్డు ఎక్కుతుంది, ఇనప కొట్టు తన మెట్లు తాను మడుచుకుని ఎక్కుతుంది. నా పళ్లెం నేలను వదలదు. బజారు ఖాళీ చేసిన నేలంతటా నా గోనెపట్టా పరుచుకుంటూ పోతుంది.

"ఇంకా కేజీ అవనేదు బాబూ! ఇంకేటుంటే అది ఎయ్యండి!" అని పైకి కేకేస్తాను.

ఆ కేకకు ఊరవతలి సముద్రం ఒడ్డు దాటి వస్తుంది. కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, అవతలి పళ్లెం ఎక్కడానికి వరసలో నిలబడుతుంది.