నీటిబొట్టు దిగని మడి

నవంబరు ఇరవయ్యో తేదీ, ఆదివారం ఉదయం. స్థలం మా అక్క ఇంటి పెరడు. హాజరైనవారు ముగ్గురం: అక్క, ఊళ్ళో సగం ఇళ్ళకు నేలలు పరిచిన టైల్స్ మేస్త్రీ మా బావ, పక్కింట్లో పుస్తకాల మధ్య ఒంటరిగా బతికే నేను. నన్ను పిలిచింది మొక్కలు అందించడానికి మాత్రమే.

అక్క విత్తనం నుంచి ఆరేళ్ళు పెంచిన పన్నెండు బోన్సాయ్ మొక్కలు ఆ రోజు నేలలోకి దిగాలి. తొట్టిలో ఉన్నంతకాలం వాటి కాండం లావెక్కదు; కొన్నేళ్ళు నేలలో పెరగనిచ్చి, మాను బలిశాక తిరిగి పళ్ళెంలోకి తెస్తారు. పైగా ఆ రాత్రి నుంచే మా కొండ ఊళ్ళో గడ్డకట్టే చలి అని రేడియో చెప్పింది. తొట్టిలోని పిడికెడు మట్టి గడ్డకడితే వేళ్ళు చస్తాయి. నేల మాత్రమే వాటిని కాపాడగలదు.

అందుకే అక్క తెల్లవారగానే ప్లాస్టిక్ తొట్లను నిలువునా చీల్చేసి, చుట్టుకుపోయిన వేళ్ళను పుల్లతో విప్పి, మొక్కలన్నిటినీ తడి గోనెపట్టా మీద పసిపిల్లల్లా పడుకోబెట్టింది.

"ముందు ఆ బొద్దుగాణ్ణి అందుకోరా," అంటూ బావ సిద్ధం చేసిన మడిలో పార వేసింది.

ఠంగుమంది.

"రాయేమో," అన్నాను.

"రాయి కాదురా, టైలు. ఒక్కో మొక్క కింద ఒక్కో టైలు పెట్టమన్నాను మీ బావని. వేరు నిలువుగా దిగిపోకుండా పక్కలకి పరుచుకోవాలిగా."

మూరెడు జరిగి మళ్ళీ వేసింది. ఠంగు. మడి చివరికి వెళ్ళి వేసింది. ఠంగు. ఏ టైలూ ఉండకూడని చోట వేసింది. అక్కడా అదే చప్పుడు.

అక్క మోకాళ్ళ మీద కూలబడి చేతులతో మట్టి తోడింది. జానెడు లోతున, తెల్లగా, నున్నగా, ఒక గచ్చు. మా ఇంటి హాల్లో కూడా అంత చక్కటి గచ్చు లేదు.

ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఏమండీ... ఇదేంటండీ?"

బావ మొహం మాత్రం వెలిగిపోయింది. "నువ్వు అమ్మాయింటికి వెళ్ళిన వారంలో చేశా! సందులు వదలమన్నావు. సందులు వదిలితే అదీ ఒక మేస్త్రీ పనేనా? నలుగురూ నవ్వరూ? అడుగున కాంక్రీటు, పైన టైల్సు, అతుకుల్లో వాటర్‌ప్రూఫ్ సిమెంటు, చుట్టూ గట్టు. పాతికేళ్ళు నీటిబొట్టు కిందికి దిగదు!"

"దిగదా?"

"దిగితే నా తాపీ నీకు రాసిచ్చేస్తా."

"దిగకపోతే, పోసిన నీళ్ళు ఎక్కడికి పోతాయండీ?"

బావ తను కట్టిన గట్టుకేసి చూశాడు. తన వృత్తిలో ఇంతకాలానికీ, నీళ్ళు దిగాలి అని ఆయన్ను అడిగినవారు ఒక్కరూ లేరు. మడిలో నిలిచే నీరు, ఆ నీరు రాత్రికి గడ్డకట్టడం, దాని నడుమ వేళ్ళు, ఒక్కొక్కటే ఆయన కళ్ళలోకి రావడం నేను చూశాను.

పరుగున గునపం తెచ్చి బాదాడు. టైలు పగిలింది, అడుగున కాంక్రీటు చెక్కుచెదరలేదు. "ఏ వెధవ కట్టాడో గానీ ఉక్కులా కట్టాడు," అని తనను తానే తిట్టుకున్నాడు. ఎవరికీ నవ్వు రాలేదు. అది రెండు రోజుల పని. మాకున్నది ఒక్క పగలు. ఆ మడి తప్ప మిగతా పెరడంతా బావ ఎప్పుడో గచ్చు చేసేశాడు.

అక్క ఏడవలేదు. చీల్చిన తొట్లను చూస్తూ మొక్కల వేళ్ళ మీద నీళ్ళు చిలకరిస్తూనే ఉంది. "ఇంకో ఆరేళ్ళు మొదట్నుంచీ అంటే నా వల్ల కాదురా," అంది.

"మా పెరడు ఉందిగా," అన్న మాట వినబడింది. ఎవరన్నారా అని చూశాను. అన్నది నేనే.

చదువుకు భంగమని చుట్టాలనే దూరం పెట్టినవాణ్ణి. పాలమనిషి సైతం నా గడప దాటదు. మొక్కలు నా నేలలో ఉంటే అక్క రోజూ వస్తుంది, నీళ్ళు పోస్తుంది, ఆగకుండా మాట్లాడుతుంది.

"సూర్యుడు ఇవాళ ఏ దిక్కున పొడిచాడు బామ్మర్దీ?" అన్నాడు బావ, గునపం మీద ఆనుకుని.

అక్క మాత్రం నన్ను అనుమానంగా చూసింది. "అయిదేళ్ళురా! మధ్యలో పీకితే చస్తాయి. నెల తిరక్కుండానే 'అక్కా, నీ గోల భరించలేను' అంటావు."

"అనను."

"నీ మాట నీళ్ళ మీద రాత. కాగితం రాయాల్సిందే. ముందు నాటుదాం, పద."

సాయంత్రానికల్లా పన్నెండూ నా పెరట్లో నిలబడ్డాయి. టైళ్ళను బావే పెట్టాడు, సిమెంటు లేకుండా, బారెడు ఎడంతో. చెయ్యి ఊరుకోక, నేల సమంగా ఉందో లేదో చూసే రసమట్టం తీయబోతే అక్క లాక్కుంది.

తర్వాత ముగ్గురం నా గదిలో నిలబడ్డాం; కుర్చీల నిండా పుస్తకాలే. అయిదేళ్ళపాటు మొక్కలను కదపననీ, అక్కను ఏ వేళనైనా రానిస్తాననీ, చివర్లో 'నాకు వీలున్నంతవరకు' అనీ రాశాను.

"ఆ చివరి ముక్క కొట్టెయ్."

కొట్టేశాను. కింద సంతకం చేశాను. సాక్షిగా బావ చేశాడు. అక్క రెండుసార్లు చదివి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, కళ్ళజోడు పెట్టెలో దాచి మూత బిగించింది.