ఒక్క కొండ పాస్

పొద్దున్నే తలస్నానం చేయాలి. ఇస్త్రీ చేసిన తెల్ల యూనిఫాం సంచిలో పెట్టుకోవాలి. పాస్‌పోర్టు మరిచిపోకూడదు. రోగి దగ్గరికి వెళ్లగానే ముందు తన పేరు చెప్పాలి, తర్వాత చేతులు కడుక్కోవాలి, ఆ తర్వాతే నాడి పట్టుకోవాలి. గొంతు వణికితే ఒక గుక్క నీళ్లు తాగాలి. రెండు గంటలకల్లా ఆసుపత్రి మూడో అంతస్తులో ఉండాలి.

ఆ రోజు శిరోమణి చేయాల్సిన పనులు ఇవి. మంచుకొండ ఎక్కడం వీటిలో లేదు. అయినా ఎక్కింది. ఆమె జేబులోనే ఉన్నాను కాబట్టి నాకు తెలుసు.

నేను ఒక లిఫ్ట్ పాస్‌ని. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ ముక్కని. కడుపులో వెంట్రుకంత సన్నని రాగితీగ చుట్ట, ఒక చిప్పు. ఏ ఫ్యాక్టరీలోనో వేలమంది అన్నదమ్ములతో కలిసి పుట్టి, అట్టపెట్టెలో ఆల్ప్స్ పర్వతాల్లోని ఒక చిన్న ఊరికి వచ్చి ఉంటాను. ఇక్కడ చలికాలమంతా మనుషులు కాళ్లకు పొడవాటి పలకలు కట్టుకుని మంచు మీద జారుతారు. స్కీయింగ్ అంటారు దాన్ని. జారాలంటే ముందు పైకి వెళ్లాలి. అందుకు తీగలకు వేలాడే కుర్చీలున్నాయి, కుర్చీల ముందు గేటు ఉంటుంది. నేను జేబులో ఉంటే చాలు, గేటు నన్ను పసిగట్టి పచ్చదీపం వెలిగించి తెరుచుకుంటుంది. ఇంత ఖర్చు పెట్టి పైకి పోయేది మళ్లీ కిందికి రావడానికే. ఈ పని చేసే జీవి మనిషి తప్ప మరొకటి నాకు కనపడలేదు.

మాలో రెండు రకాలు. ఊరి వైపు కొండకు మాత్రమే చెల్లేది ఒకటి, చుట్టుపక్కల ఐదు లోయలకూ చెల్లేది మరొకటి. నేను మొదటి రకం.

శిరోమణి, నవత ఇద్దరూ తెలంగాణ నుంచి వచ్చి ఈ ఊరి ఆసుపత్రిలో, ఎముకలు విరిగినవాళ్ల వార్డులో పనిచేస్తున్నారు. శిరోమణిది మెట్‌పల్లి దగ్గర పల్లె. వాళ్లింట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనిషి ఆమే. సిబ్బందికి ఆసుపత్రి ఏటా ఒక్క కొండ పాస్ ఊరికే ఇస్తుంది. పెద్దది కావాలంటే పైన డబ్బు కట్టుకోవాలి. పాసులు తీసుకున్న రోజు కౌంటర్ దగ్గర ఇద్దరికీ వాదం నడిచింది.

"గింత దూరమొచ్చి ఒక్క కొండేనా అక్కా? ఐదు లోయలున్నయి. పొద్దుగాల ఒకకాడ ఛాయ్ తాగి మాపటీలికి ఇంకోకాడ తేలొచ్చు," అంది నవత.

"గీ కొండనే సక్కగ దిగొస్తలేదు నాకు. ఐదు లోయలల్ల ఐదు తీర్ల ఎముకలు ఇరగ్గొట్టుకోవాల్నా? మన వార్డుల పన్నోళ్లను సూస్తలేవా?"

"నువ్వు కరీంనగర్ల గూడ ఆర్డినరీ బస్సు కోసమే నిలవడుతుంటివి గావచ్చు."

"అవు. మా ఊర్ల ఆగేది గదొక్కటే."

అలా నవతకు ఐదు లోయలు, శిరోమణికి నేను.

నవత నర్సు పరీక్ష ఎప్పుడో నెగ్గేసింది. బయటి దేశం నుంచి వచ్చిన నర్సులు ఇక్కడ ఆ పరీక్ష నెగ్గేదాకా సహాయకులుగానే ఉండాలి. రోగి పక్కన నిలబడి అతని పరిస్థితిని పరీక్షకులకు ఇక్కడి భాషలో వివరించాలి. మొదటిసారి శిరోమణి చేతులు అన్నీ సరిగ్గానే చేశాయి. వివరించమనేసరికి నోరు పెగల్లేదు. ఇంకొక్క అవకాశమే ఉంది. ఈసారీ తప్పితే నర్సు పనీ ఉండదు, ఈ దేశంలో చోటూ ఉండదు.

పరీక్ష రోజు పొద్దున నవత వచ్చేసరికి శిరోమణి గోడకు ఎదురుగా కూర్చుని, తినకుండా, అవే వాక్యాలు వల్లె వేస్తోంది.

"గిట్ల కూసుంటె రెండు గొట్టేసరికి నువ్వు మూగదానివైతవక్కా. పా. ఒక్కసారి పైకి పోయి దిగొద్దాం. జర గాలి తలుగుతది. గంటల ఇంట్ల ఉంటం."

శిరోమణి కాదనాల్సింది. కాదనే ఓపిక కూడా లేక లేచింది.

కొండ కొనకు చేరేసరికి మబ్బు కమ్మేసింది. కొన మీద నుంచి రెండు దారులు దిగుతాయి. ఒకటి మా ఊరికి, ఒకటి అవతలి లోయకు. బోర్డు నిండా మంచు పట్టింది. ముందు నవత ఎర్ర జాకెట్టు, వెనక శిరోమణి. దిగేవాళ్లను ఏ గేటూ ఆపదు. మేం కాపలా కాసేది ఎక్కేవాళ్లనే. ఈ ఏర్పాటు చేసినవాళ్ల తెలివి నాకు ఇప్పటికీ అంతు పట్టలేదు.

కింద కుర్చీల దగ్గర నవత ముందు వెళ్లింది. పచ్చదీపం. శిరోమణి వచ్చి నిలబడింది. గేటు నన్ను అడిగింది. నా దగ్గర ఉన్నది ఒక్క కొండ. అదే చెప్పాను. ఎర్రదీపం వెలిగింది. ఆమె వెనక్కి జరిగి మళ్లీ వచ్చింది. మళ్లీ ఎరుపే.

నవత చుట్టూ చూసింది. లిఫ్టు మీద రాసిన పేరు చదివింది. "అక్కా, మనం అవతలి దిక్కు దిగినం."

"అయితేంది. కండక్టర్ యాడున్నడు? మీది పైసలు కడ్తం. ఆర్డినరీ పాస్ మీద కాంబీ టికెట్ ఇచ్చినట్టు ఇయ్యడా?"

"గిది బస్సు గాదక్కా. గీడ టికెట్లియ్యరు. టికెట్లిచ్చేది కింద ఊర్లె. ఊర్లెకు దిగినంక మన దిక్కు రావాలంటె బస్సు కొండ సుట్టు తిరగాలె. మాపటికి గని రాము."

శిరోమణి ఫోన్ తీసింది. ఆమె గుండె నా వీపుకు తగులుతోంది. ఇద్దరి ఫోన్లూ చలికి ఆగిపోయాయి. అవతల గడ్డపు మనిషి ఒకడు, ఆ లిఫ్టు నడిపేవాడు, దారికి అడ్డంగా తాడు కట్టడం మొదలుపెట్టాడు. గాలి పెరిగితే కుర్చీలు ఆపేస్తారు.

నవత పరుగున గేటు బయటికి వచ్చి తన పాస్ తీసి శిరోమణి చేతిలో కుక్కింది. "నాది తీస్కొని పో. నేను బస్సుల వస్త."

"గేటు తెరిస్తె గాయన ముందట టీవీల నీ ఫొటో వస్తది."

"టోపీ, కండ్లద్దాలు వెట్టుకుంటె అందరం ఒక్కతీరే. ఇద్దరు ఇండియా ఆడోళ్లను ఆయన గుర్తువడ్తడా?"

శిరోమణి జేబు తెరిచి నన్ను బయటికి తీసింది. ఒకే చేతిలో ఇద్దరం. ఐదు లోయలున్నది పైన, నేను కింద. గేటు రెండడుగుల దూరంలో ఉంది. గడ్డపాయన అటు తిరిగి ఉన్నాడు. ఆమె ఒక అడుగు వేసింది కూడా. ఆ కదలికకు మేమిద్దరం ఒకరికొకరం తగిలి టకటకమన్నాం.

"వద్దు. దొరికితె ఇద్దరి పాసులు గుంజుకుంటరు, ఆసుపత్రికి చెప్తరు. పరీక్షకు పోయేముందుగాల దొంగ పేరెందుకు నాకు?" అని నవతది నవతకు ఇచ్చేసింది.

నేరుగా ఆ మనిషి దగ్గరికి వెళ్లి నిలబడింది. ముందు తన పేరు చెప్పింది. తర్వాత ఒక్కో మాటా వాళ్ల భాషలో పేర్చుకుంటూ వచ్చింది. "నేను అవతలి లోయ ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. మబ్బులో దారి తప్పి ఇటు దిగాను. నా పాస్ ఇక్కడ చెల్లదు. రెండు గంటలకు నాకు పరీక్ష ఉంది. దానికి వెళ్లకపోతే ఈ దేశంలో ఉండలేను."

అతను తాడు వదిలి ఆమె వైపు తిరిగాడు. "పాస్ సంగతి పక్కన పెట్టండి. పైన గాలి, మబ్బు. మీరు అవతలి వైపు దిగగలరా? దిగలేని మనిషిని పంపిస్తే, వెనకే స్ట్రెచర్ పంపాల్సింది నేను."

"దిగుతుంది. బాగా దిగుతుంది," అంది నవత తొందరగా.

శిరోమణి తల అడ్డంగా ఊపింది. "బాగా దిగలేను. మెల్లగా దిగుతాను. భయంగా ఉంది. కానీ ఆ దారి తెలుసు. రెండు చలికాలాలుగా ఆ ఒక్క దారిలోనే పడుతూ లేస్తున్నాను. కుడిచేతి పక్క దారి గుర్తుకు పాతిన స్తంభాలు ఊరి దాకా ఉంటాయి, వాటిని పట్టుకుని దిగుతాను."

అతను తల పైకెత్తి కుర్చీల తీగలను చూశాడు. వైర్‌లెస్‌లో పైవాళ్లతో ఏదో అన్నాడు. తర్వాత పక్కనున్న ఇనుప గేటు తన తాళంతో తెరిచాడు. దాటుతుంటే నా కోసం వెలిగిన ఎరుపు ఇంకా వెలుగుతూనే ఉంది.

సగం దూరంలో కుర్చీలు ఆగిపోయాయి. గాలికి ఊగుతూ ఇద్దరూ ఇనుప కడ్డీని పట్టుకుని కూర్చున్నారు. కింద నేల కనిపించడం లేదు. నవత ఏడవసాగింది. "నా మూలంగనే అక్కా. నేను గుంజుకరాకపోతె ఇంట్లనే ఉంటుంటివి."

"ఏడ్వకు. కండ్లద్దాల మీద మంచు గడ్తది. నువ్వు నాకు దారి సూపియ్యాలె."

కుర్చీ కదిలింది. కొన మీద అంతా తెలుపు. నవత ముందుకు జారి, నాలుగు బారలు పోయి ఆగిపోయింది.

"ఏం కనవడ్తలేదక్కా. నేను గీ దిక్కు ఎన్నడు మెల్లగ దిగలే. సర్రున పోయేదాన్ని. ఏది యాడుంటదో నాకు తెల్వది."

"పక్కకు జరుగు," అంది శిరోమణి. "నా జాడలనే రా."

కుడి పక్క మొదటి స్తంభం. దాన్ని చేత్తో తాకి, పలకలు అడ్డం పెట్టి, పీతలా పక్కకు జారింది. రెండోది. ఒకచోట స్తంభం ఉండాల్సిన దగ్గర లేదు, మంచు మింగేసింది. ఆగింది. చేతికర్రతో మంచులో పొడిచింది. ఇక్కడే కిందటేడు తను బోర్లా పడి కాలి పలక పోగొట్టుకుందని నవతకు చెప్పింది. ఇక్కడి నుంచి నేల ఎడమకు వంగుతుంది, వంగిన దిక్కున లోయ ఉంది. "కుడికి రా. ఇంక కుడికి." కర్ర దేనికో తగిలి టంగుమంది. స్తంభం తల.

అలా దిగారు.

రెండు కొట్టేలోపు తడిసిన జాకెట్టును ఆసుపత్రి మూడో అంతస్తు వరండాలో కొక్కేనికి తగిలించి ఆమె లోపలికి పరుగెత్తింది. జేబులో నేను, కింద బెంచీ మీద నవత. తలుపు వెనక నుంచి శిరోమణి గొంతు వినిపించింది, ముందు తన పేరు. తర్వాత రోగి పేరు, అతని నొప్పి, అది ఎప్పటి నుంచి. మధ్యలో ఒకచోట ఆగిపోయింది. నవత చేయి జాకెట్టు అంచును పిసికింది. లోపల నీళ్ల గ్లాసు పెట్టిన చప్పుడైంది. మళ్లీ గొంతు మొదలైంది.

బయటికి వచ్చాక ఆమె గోడకు ఆనుకుని నిలబడింది.

"ఏమన్నరక్కా?"

"కడుపుల ఏమన్న వడాలె. పొద్దుగాలికెళ్లి ఏం తినలే."

"అక్కా."

"అయింది పిల్లా. నర్సునైన."

ఎండాకాలం ముందు మంచు కరిగి, కొండ మీద గడ్డి కనిపించింది. పాసులు తిరిగిచ్చే రోజు శిరోమణి నన్ను రుమాలుతో తుడిచి తెచ్చింది.

"ఈసారన్న ఐదు లోయలది తీస్కుంటవా?" అంది నవత.

"ముందుగాల నువ్వు గీ కొండ మెల్లగ దిగుడు నేర్సుకో. అప్పుడు నేను గా దిక్కు వస్త."

నన్ను పెట్టెలో వేసి వాళ్లు నవ్వుకుంటూ వెళ్లిపోయారు. పెట్టె అడుగున మేమంతా ఒకరి మీద ఒకరం పడి ఉన్నాం. మిషన్ ఒక్కొక్కరిని లోపలికి తీసుకుని, ఉన్న పేరు, ఉన్న ముఖం తుడిచేస్తోంది. వచ్చే చలికాలానికి ఇంకెవరివో ఎక్కిస్తారు. నా అంచున ఒక పాత గీత ఉంది, అది శిరోమణి చేతిలో పడింది కాదు. అంటే ఆమెకు ముందు కూడా నాకొక మనిషి ఉండి ఉంటారు. ఎవరో నాకు తెలియదు.

నా ముందు ఇంకా ఇద్దరే ఉన్నారు. అందుకే మీకు చెప్పాను. అంత గాలిలో ఒక కొత్త మనిషి ఎదుట నిలబడి, బాగా దిగలేను, భయంగా ఉంది, దారి మాత్రం తెలుసు అని చెప్పిన ఆమె పేరు శిరోమణి. మెట్‌పల్లి దగ్గరి మనిషి. నాకు గుర్తుండదు. మీరు గుర్తుపెట్టుకోండి.