బొరుసు లేని బిళ్ళ

లేతాయనకు భూతద్దం బాబాయి అంటే ఒళ్ళుమంట. ఇవాళ్టిది కాదు, పదేళ్ళనాటిది. తాను సరదాగా పోగుచేసే పాత నాణేల్లో ఏది పట్టుకెళ్ళినా, నాణేల పరీక్షలో తలపండిన ఆ ముసలాయన కంటికి అద్దం బిగించుకుని ఏదో ఒక వంక తీసేవాడు. "మెరవాలని తోమావా? తోమి దీని ప్రాణం తీశావు" అన్నాడొకసారి. "ఇది టంకశాల అచ్చుతప్పు కాదురా అబ్బాయ్, ఎవడో సుత్తితో కొట్టిన తప్పు" అన్నాడింకోసారి. లేతాయన పన్నెండో ఏట బడి మానేసి, ఇనుము చెక్కే లేతు మిషను ముందు నిలబడ్డ మనిషి. చదువుకున్నవాడు ఎవరైనా తన ముందు కళ్ళజోడు సర్దుకుంటే చాలు, తనను తక్కువచేస్తున్నాడనే అనుకునేవాడు.

ఈసారి మాత్రం ముసలాయన నోరు మూతపడాల్సిందే. జేబులో ఉన్నది రెండువైపులా బొమ్మే ఉన్న నాణెం. తిప్పితే బొమ్మ, మళ్ళీ తిప్పినా బొమ్మే. బొరుసన్నదే లేదు. పాతసామాన్ల అంగట్లో అది కంటపడగానే, మొరాయిస్తున్న లేతుకు కొత్త మోటారు కోసం దాచిన డబ్బంతా పోసి కొనేశాడు. ఆదివారం వచ్చి రెండింతలు ఇస్తానని, నాణేల పిచ్చి ఉన్న బ్యాంకు మేనేజరు ఒప్పుకున్నాడు కూడా. "మీ మాట చాలండీ. అసలుదేనని బాబాయిగారి చీటీ కూడా ఉంటే ఇంకా మంచిది" అన్నాడు.

బాబాయి గదిలో కిటికీ పక్కన బల్ల, బల్లమీద నల్లగుడ్డ, మెడ వంచిన దీపం. నాణేన్ని అంచులు పట్టుకుని ఎత్తాడు. ఒకవైపు చూశాడు. తిప్పాడు. మళ్ళీ తిప్పాడు.

"ఎంత పోశావు?"

"అది తర్వాత బాబాయ్. ముందు సంగతి చెప్పండి."

"ఇదిగో, జుట్టు చూడు." అద్దం చేతికిచ్చాడు. "ఇటు బొమ్మకు వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. అటు బొమ్మకు బోడిగుండు. చెవి కూడా చదునైపోయింది."

"అరగదా మరి? ఎన్ని చేతులు మారిందో!"

"మారితే రెండువైపులూ కలిసి అరగాలి కదరా. ఇటు పెళ్ళికొడుకు, అటు తాతయ్య! ఒకే ఒంట్లో రెండు వయసులా?"

"అంటే?"

"రెండు నాణేలు. ఒకదాన్ని గిన్నెలా తొలిచారు. రెండోదాని అంచు కోసి అందులో దించేశారు. గారడీవాళ్ళ సరుకు. అతుకు అంచు లోపలివైపు ఉంటుంది. నాకైతే కనబడలేదు. కళ్ళు పాతబడ్డాయి గానీ మాట పాతబడలేదు." నాణెం తిరిగిచ్చేస్తూ అన్నాడు: "నేనెవరికీ చెప్పను. చీటీ మాత్రం రాయను. ఆదివారం ఏం చేస్తావో నీ ఇష్టం. అద్దం పట్టుకెళ్ళి వెతుక్కో."

ఆ రాత్రంతా లేతాయన బాబాయిని మనసులో తిట్టుకుంటూనే ఉన్నాడు. తెల్లారాక షెడ్డు తలుపు తీసి, వెలుగులో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. అరగంటకు దొరికింది అతుకు. తలవెంట్రుకను నిలువునా చీల్చి పరిచినంత గీత. ముప్ఫై ఎనిమిదేళ్ళు లేతు తిప్పినవాడు లేతు పనికే మోసపోయాడు! సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ సిగ్గులోంచే ఇంకో ఆలోచన పుట్టింది. ఇంత సన్నంగా కూర్చిన చెయ్యి ఎవరిది? తనవల్ల కాదు. ఇటువంటి చెయ్యి తాను ఒక్కరికే చూశాడు.

పెద్దమేస్త్రీకి. తనకు పని నేర్పినవాడు, పోయి పదకొండేళ్ళయింది. ఏ భాగం కూర్చినా, లోపల మూతపడే చోట ఉక్కుమొన పంచ్‌తో మూడు చుక్కలు పొడిచేవాడు. "పైన పొడిస్తే అందరూ చూస్తారు కదా మేస్త్రీ" అంటే, "కనబడేచోట సంతకం పెట్టడానికి నేనేమైనా గుమాస్తానా?" అని నెత్తిన ఒక్కటిచ్చేవాడు.

మధ్యాహ్నం వాళ్ళావిడ అన్నం డబ్బాతో వచ్చేసరికి లేతాయన ఇంకా ఆ స్టూలు మీదే ఉన్నాడు.

"ఏమండీ, అది గుడ్డు కాదు పొదగడానికి."

జరిగింది చెప్పాడు. "మేస్త్రీ చుక్కలుంటే లోపలే ఉంటాయి. దీన్ని విప్పాలంటే వేడిచేయాలి. రంగు పోతుంది. ఇక ఎవడూ కొనడు."

"విప్పకపోతే?"

"ఆదివారం మేనేజరుకి అంటగట్టొచ్చు. నా మాట చాలన్నాడు."

"పాపం, ఆయన మీతో కాపురం చేయలేదుగా!" డబ్బా బల్లమీద పెట్టింది. "విప్పండి. ఆయనకమ్మితే మీరు జన్మలో నిద్రపోరు, నన్ను పోనివ్వరు."

రేకుముక్క మీద నాణెం పెట్టి కింద మంట వెలిగించాడు. కళ్ళముందే రంగు గోధుమ తిరిగి నీలమైంది. రెండింతలూ అక్కడే ఆవిరయ్యాయి. పట్టకారుతో తీసి వాషరు మీద బోర్లించి, చెక్కసుత్తితో మెల్లగా తట్టాడు. మూడో దెబ్బకు టక్కుమని లోపలి బిళ్ళ ఊడిపడింది.

బిళ్ళ వెనక మూడు చుక్కలు.

లేతాయన చేతులు గుడ్డకు తుడుచుకుని, చల్లారాక ఆ బిళ్ళను అంచులు పట్టుకుని ఎత్తాడు. బాబాయి ఎన్నిసార్లు చెప్పినా నేర్చుకోని పద్ధతి, ఆ పూట దానంతటదే వచ్చింది. మేస్త్రీ చేసిందంతా ఎవరెవరి యంత్రాల్లోకో పోయింది. శిష్యుడి దగ్గర ఒక్క మరమేకు కూడా మిగల్లేదు. తాను తింటున్న తిండి ఆయన పెట్టిందే, చూపించడానికి మాత్రం ఇన్నాళ్ళూ ఏమీ లేదు. ఇప్పుడుంది.

"ఏడుస్తున్నారా?"

"పొగ."

"మంట ఎప్పుడో ఆర్పేశారు" అంది ఆవిడ, డబ్బా మూత తీస్తూ.

సాయంత్రం అద్దం తిరిగివ్వడానికి వెళ్ళాడు. మేస్త్రీ కూడా ఇంతే కదా, పదిసార్లు వెనక్కి కొడితేగాని ఒక ముక్క ఒప్పుకునేవాడు కాదని దారిపొడుగునా అనుకున్నాడు. మేస్త్రీ దెబ్బల్ని తలుచుకుని మురిసే తాను, బాబాయి మాటల్ని ఎందుకు మనసులో పెట్టుకున్నట్టు?

"బాబాయ్, మీ రుణం తీర్చుకోలేను."

"అద్దానికా?"

"వంకలకి."

బాబాయి నవ్వలేదు. మూడు చుక్కల్నీ అద్దంలో చాలాసేపు చూశాడు. "నాణేలకు వేసినట్టు దీనికి తరగతి వేయడం నాకు రాదు. నువ్వే వేయి" అని నాణేలు పెట్టే చిన్న కాగితం కవరొకటి, పెన్నూ జరిపాడు.

లేతాయన నాలుక కొరుక్కుంటూ, వంకర అక్షరాలతో రాశాడు:

రకం: బొరుసు లేనిది. చేసింది: పెద్దమేస్త్రీ. తరగతి: మొదటిది. పోయింది: ముప్ఫై ఏడు వేల అయిదు వందలు.