అడుగు పులుసు

మూడోసారి కూడా పాట దేవిని దాటుకుని పోయింది.

దాలయ్య పడవ నుంచి దించిన కానాగంత చేపల కుప్ప తడి ఇసుక మీద మెరుస్తోంది. చుట్టూ తట్టలు చంకన పెట్టుకున్న ఆడవాళ్ళు, వాళ్ళ వెనక ఐసు పెట్టెలతో ఆటోవాళ్ళు. వేలంపాట నడిపే గోపి ఎనిమిది వందల దగ్గర గొంతు సాగదీస్తున్నాడు. దేవి తొమ్మిది వందలంది. అతని చూపు ఆమె మొహం మీద ఆగలేదు. పక్కనున్న లక్ష్మణమ్మ ఎనిమిదిన్నర అనగానే కుప్ప ఆమెదైపోయింది. లక్ష్మణమ్మ కూడా తెల్లబోయి చూసింది.

“ఒరే గోపీ, నీకు సెవులు పోనాయేటి? తొమ్మిదొందలన్నాను గదా!”

గోపి కాలి బొటనవేలితో ఇసుక గీరాడు. “నన్నేటి సెయ్యమంటావు వదినా? నీ పాట ఎత్తుకోవద్దని దాలయ్య బావు సెప్పినాడు. సాయంత్రం పెద్దలు కూకుంతారట. అది తేలీవరకు ఏ పడవోడూ నీకు సేప పొయ్యకూడదంట.”

“నానేటి సేసినాను?”

వల బాగుచేసుకుంటున్న వాళ్ళలోంచి ఒకడు తల ఎత్తకుండానే అన్నాడు: “నీకు సేపలెందుకు వదినా? కుండలో అడుగు పులుసు ఉన్నాది గదా!”

మగవాళ్ళంతా నవ్వారు. ఎవరో ఫోను తీసి నొక్కారు. అందులోంచి ఒక ఆడగొంతు పెద్దగా, తడుముకోకుండా మాట్లాడుతోంది. ఆ గొంతు తనదేనని తెలియడానికి దేవికి కాసేపు పట్టింది. తెలిశాక కాళ్ళ కింద ఇసుక జారినట్టయింది.

ఫోనులోని ఆ మాటలు మొన్న సోమవారం నాటివి.

దిబ్బలపేట కళింగపట్నం పక్కనున్న చిన్న పల్లె. మగవాళ్ళు వేటకి పోతారు. వాళ్ళు తెచ్చిన చేపని పాటలో కొని, శ్రీకాకుళం వీధుల్లో తిరిగి అమ్మేది ఆడవాళ్ళు. ఆ రోజు పొదుపు సంఘం పని మీద దేవి, లక్ష్మణమ్మ, తాయారు శ్రీకాకుళం బ్యాంకుకి వెళ్ళారు. సాయంత్రం రమ్మన్నారు అక్కడ. బయట ఎండ మాడ్చేస్తోంది.

“సినిమాహాల్లో ఏసీ ఉంతాది. అందులో కూకుంటే పొద్దు గడిసిపోద్ది” అంది తాయారు.

ఏం సినిమా అని ముగ్గురిలో ఒక్కరూ అడగలేదు. పోస్టరు మీద హీరో లేడు. ఖాళీ కంచం పట్టుకున్న ఒక ఆడమనిషి ఉంది. “ఈవిడేటి, మనలాగే ఉన్నాది” అంది లక్ష్మణమ్మ, టిక్కెట్టు కొంగున ముడేసుకుంటూ.

సినిమాలో పెద్దగా ఏమీ జరగలేదు. ఒక గుమస్తా భార్య. వండుతుంది, వడ్డిస్తుంది, అందరూ తిని లేచాక మిగిలింది తింటుంది. మళ్ళీ వండుతుంది. వెనక వరసల్లోని మగపిల్లలకి అది భరించరానిదైపోయింది. “ఒరే, ఇది సినిమాయా, వంటల పోగ్రామా?” అని ఒకడు, “ఫైటెప్పుడురా?” అని ఇంకొకడు. ముందు వరసల్లో ఆడవాళ్ళు తెర మీంచి చూపు తిప్పలేదు. తెర మీద ఆవిడ గరిటె గిన్నె అడుగును గీకిన చప్పుడుకి దేవి ఉలిక్కిపడింది. తన వంటింట్లో ఎవరో దూరినట్టు అనిపించింది.

చివర్లో ఒక మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ కూర్చోకముందే, ఆవిడ కంచంలో తనకి తాను వడ్డించుకుంది. కూర్చుంది. తొందర లేకుండా తింది. అంతే. వెనక నుంచి ఈలలు వేశారు. “అయిపోనాదా? డబ్బులు దండగ!” అని కేకలు పెట్టారు. ముందు వరసల్లో ఎవరూ వెంటనే లేవలేదు. దీపాలు వెలిగాక చూస్తే లక్ష్మణమ్మ కళ్ళు తడిగా ఉన్నాయి.

“ఈ ఏసీ నాకు పడనేదే” అంది.

గేటు దగ్గర ఒకతను మైకు, ఫోను కెమెరా పట్టుకుని, వచ్చిన వాళ్ళనల్లా సినిమా ఎలా ఉందని అడుగుతున్నాడు. ఒక పెద్దమనిషి “స్లోగా ఉందండీ” అన్నాడు. పక్కనున్న అతని భార్య ఏదో చెప్పబోయి, భర్త నడిచిపోతుంటే వెనకాలే నడిచింది. ఒక కుర్రాడు “కథేటి ఉన్నాదండి ఇందులో? ఆడది అన్నం తింతే అదొక సినిమాయా?” అన్నాడు. ఆ మాట దేవికి ఎక్కడో తగిలింది. మైకు ఆమె వైపు తిరిగింది. వీధి చివర నుంచి వీధి మొదటికి వినపడేలా చేపలు అరిచి అమ్మే గొంతు ఆమెది. చిన్నగా మాట్లాడడం రాదు.

“ఏటి బాగోనేదు? ఆవిడకి ఆకలేసినాది, తిన్నాది. మొగుడు కంటే ముందు తింతే మీకందరికీ నవ్వొచ్చినాది. మా ఇంట్లో సేప వండితే నడుం ముక్క మా ఆయనకి. తలా, పక్క ముక్కలూ పిల్లలకి. తోక మా అత్తకి. నాకు కుండలో అడుగు పులుసు. ఆ సేప కొన్నది నాను, మోసింది నాను, కోసింది నాను, వండింది నాను. పద్దెనిమిదేళ్ళ బట్టి నా కంచంలో నడుం ముక్క పడనేదు బాబూ! ఆవిడ తిన్నాది. నాకు సూడ్డానికి బాగున్నాది.”

మైకు అతను నవ్వి, థాంక్సండీ అన్నాడు. ముగ్గురూ బ్యాంకుకి వెళ్ళిపోయారు. ఆ మాటలు ఎక్కడికి పోతాయని దేవి ఆలోచించలేదు. వీధిలో అరిచిన కేక వీధిలోనే పోతుంది గదా.

ఇప్పుడు ఆ కేక ఊరంతటి చేతుల్లో ఉంది. దేవి ఖాళీ తట్టతో ఇంటికి వచ్చేసరికి గంగులు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. దాలయ్య పడవ మీద కూలికి పోయే మనిషి. పడవకి చేప పడితేనే అతనికి వాటా. పడనినాడు ఇల్లు గడిచేది దేవి తట్ట మీదే. అది ఇద్దరికీ తెలుసు.

“విశాఖపట్నం హార్బరు నుంచి ఫోన్లొస్తన్నాయి” అన్నాడు గంగులు, ఆమె వైపు చూడకుండా. “మీ పేటలో ఆడోళ్ళకి సేప పెట్టరట గదా, మేం పంపాలా అనడుగుతన్నారు. పడవలో నా మొహం మీదే నవ్వినారు. నీకు సేప పెట్టొద్దని నానెప్పుడైనా అన్నానేటి?”

“అన్నేదు.”

“మరి?”

“తిన్నావేటే అని అడగనూ నేదు.”

గంగులు తిట్టి ఉంటే దేవికి సులువుగా ఉండేది. అతను లెక్క దొరకని మనిషిలా వేళ్ళు మడిచి విప్పుతూ కూర్చున్నాడు.

లోపలి నుంచి అత్త తాతమ్మ గొంతు లేచింది. “మేం తిన్నేదా పులుసు? సచ్చిపోనామా? ఇంటి కుండ తీసికెళ్ళి బజారులో బోర్లించినావు గదే! సేప పొయ్యకపోతే రేపు ఏటి తింతావు? సినిమా తింతావా?”

దేవికి నిజంగానే భయం వేసింది. నాలుగు రోజులు తట్ట ఎత్తకపోతే శ్రీకాకుళంలో తన వీధులు ఇంకొకరివి అయిపోతాయి. ఊరు వెలేస్తే గంగులుని కూడా పడవ ఎక్కనివ్వరు. ఒక్క మాట వెనక్కి తీసుకుంటే పోయేదానికి ఇంత దూరం ఎందుకు? తప్పయిపోయిందని చెప్పేద్దామనే అనుకుంది, పొద్దు వాలుతుంటే చీర మార్చుకుని బయల్దేరేటప్పుడు.

వలల పాకలో పెద్దలు చాపల మీద కూర్చున్నారు. ఆడవాళ్ళు పాక బయట, ఇసుకలో. వాళ్ళు లోపలికి రాకూడదని ఎవరూ చెప్పరు. ఎప్పుడూ అక్కడే కూర్చుంటారు. దేవిని మాత్రం పాక అంచున నిలబెట్టారు. గంగులు ఒక పక్కన తల వంచుకుని ఉన్నాడు.

పేట పెద్ద దాలయ్య అరిచే మనిషి కాదు. ఎంత మెత్తగా మాట్లాడితే అంత భయపడాలని పేటలో అందరికీ తెలుసు.

“ఉమాశంకరూ, సదువు. జనం ఏటంతన్నారో ఇంతాది.”

ఉమాశంకర్ దాలయ్య మేనల్లుడు. రాజాంలో చదువుకుని వచ్చాడు. దేవి మాటల వీడియో కింద జనం రాసినవి చదవడం మొదలుపెట్టాడు. “సినిమా బోరు, ఈవిడ ఇంకా బోరు. ... ఆ మొగుడెవడో పాపం, రేపు వాడికి గంజి కూడా దొరకదు. ... కళింగపట్నం పక్క మగాళ్ళు ఇంత పిసినారోళ్ళా?” పెద్దల్లో ఒకాయన తొడ చరుచుకున్నాడు. ఉమాశంకర్ తెరని పైకి తోసి అదే ఊపులో చదివాడు. “మా ఇంట్లోనూ ఇంతే అక్కా. ... మా అమ్మ ఇలాగే పోయింది. ... నేను టీచర్ని, నాకూ అడుగు పులు...”

ఆగిపోయాడు. వేలితో గబగబా తోశాడు, ఇంకా తోశాడు. “ఇయ్యన్నీ... ఆడోళ్ళు రాసినయి” అన్నాడు.

“అయి అక్కర్నేదు” అన్నాడు దాలయ్య. బయటికి చూసి, “తాతమ్మప్పా, నువ్వు పెద్దదానివి. నీ ఇంట్లో కోడలికి తిండి నేదేటి? సెప్పు, అందరూ ఇంతారు” అన్నాడు.

తాతమ్మ లేచి నిలబడింది. ఇలాంటి చోట తన మాట అడగడం ఆమె బతుకులో ఇదే మొదలు. కోడలి వైపు కోపంగా చేయి చాచింది. “తిండి నేకపోడమేటి బావూ? యాభయ్యేళ్ళు నాను ఆ పులుసే తిన్నాను. మా అత్త తిన్నాది. నడుం ముక్క ఎలాగుంతాదో నా మొగుడు పోయిన ఏడు గానీ నాకు తెల్దు. అయినా ఎవుళికైనా సెప్పినానా? ఎవుళి ముందైనా నోరిప్పినానా? ఈ గుంట సెప్పీసినాది!”

బయట ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వి, దాన్ని దగ్గులోకి మార్చుకున్నారు. తాను ఏమందో తాతమ్మకి అప్పటికి తెలిసినట్టుంది. చాచిన చేయి అలాగే ఉంచి, అటూ ఇటూ చూసి, మెల్లగా కూర్చుంది.

దాలయ్య గొంతు ఇంకా మెత్తబడింది. “సరే. నీ ఇంటి గొడవ మాకొద్దు దేవీ. తప్పు డబ్బు కట్టమని కూడా అన్ను. కాళ్ళు పట్టుకోమన్ను. ఒక్క మాట సెప్పు. ఆ సినిమా బాగోనేదని సెప్పు. తెలీక మాటాడినాను, సినిమా బాగోనేదు, అంతే. ఉమాశంకరు ఫోనులో తీసి పెడతాడు. నువ్వు మెచ్చుకున్న సినిమాయే పనికిరానిదయితే, నువ్వు అన్నమాట కూడా దాంతోపాటే పోద్ది. రేపట్నించి నీ తట్ట నీది.”

దేవికి ఇంతేనా అనిపించింది.

“సెప్పీసే” అన్నాడు గంగులు. ఆ గొంతులో అదిలింపు లేదు, బతిమాలినట్టుంది. “ఏటి పోద్ది? సినిమాయే గదా.”

ఉమాశంకర్ ఫోను ఎత్తాడు. “ఊఁ, సెప్పు వదినా.”

“ఆ సినిమా...” అంది దేవి.

ఊరు తన చేత ఎన్నో అబద్ధాలు ఆడించింది. కన్ను వాచిన నాడు గుమ్మం తగిలిందని చెప్పించింది. ఆకలి ఉన్న నాడు లేదని చెప్పించింది. అవన్నీ తన గురించి. ఇది ఆ తెర మీది ఆవిడ గురించి. ఎవరి కోసమూ ఆగకుండా కూర్చుని, తొందర లేకుండా తిన్న మనిషి గురించి. ఆవిడ తినడం బాగోలేదని ఎలా చెప్పడం?

“సెప్పమ్మా” అన్నాడు దాలయ్య.

“బాగున్నాది” అంది దేవి.

ఉమాశంకర్ మావయ్య వైపు చూశాడు. దాలయ్య ఆమెనే చూస్తున్నాడు. “సరిగ్గా ఆలోసించుకుని మళ్ళీ సెప్పు.”

“ఆలోసించుకునే సెప్తన్నాను బావూ. ఇంట్లో మాటలు బయట సెప్పడం తప్పంతే తప్పే. మా ఆయనకి నవ్వులాటైనాది, దానికి నాకూ బాధగానే ఉన్నాది. కానీ సినిమా బాగున్నాది. బాగోనేదని నాను సెప్పను.”

గంగులు తల ఎత్తి భార్యని చూశాడు. చాలాసేపు చూశాడు. అతని మొహంలో ఉన్నది కోపమో మరొకటో దేవికి తెలియలేదు.

“అయితే ఇనుకోండి” అన్నాడు దాలయ్య, అందరికీ. “రేపట్నించి ఈ తీరంలో ఏ పడవా దీనికి సేప పొయ్యదు. గోపీ, ఇన్నావా? దీని మొగుడు దీంతో ఉంతాడో పడవతో ఉంతాడో వాడి ఇష్టం.”

గోపి తలాడించాడు. పెద్దలు లేవబోయారు. రేపు పొద్దున పడవలు వస్తాయి, తట్టలన్నీ నిండుతాయి, తనది తప్ప. దేవి వంగి, ఇసుకలో విడిచిన చెప్పులు వేసుకోబోయింది.

అప్పుడు బయట, ఆడవాళ్ళ గుంపు మధ్య నుంచి, ఎవరిదో గొంతు వచ్చింది.

“ఓలె దేవీ! ఆ సినిమా ఇంకా ఆడతన్నాదేటి?”

దాలయ్య గిరుక్కున తిరిగాడు. “ఎవులది?”

సముద్రం మీంచి గాలి కొడుతోంది. ఆడవాళ్ళందరి కొంగులూ తలల మీద ఉన్నాయి. తాయారు ఇసుకని చూస్తోంది. లక్ష్మణమ్మ సముద్రాన్ని చూస్తోంది. తాతమ్మ మొహం కొంగులో ఉంది.

“అడిగినాది ఎవులంతే!”

ఉమాశంకర్ ఫోను దించడం మరిచిపోయాడు. దేవి ఒక చెప్పు కాలికి, ఒక చెప్పు చేతిలో పట్టుకుని, శ్రీకాకుళం వీధుల్లో అరిచే గొంతుతో, ఆ కొంగులన్నిటికీ వినపడేలా చెప్పింది:

“గురువారం దాకా ఆడతాదంట. మేట్నీకి యెల్లండి.”