ఉప్పుగదిలో ఒక్కరోజు

పొద్దున్నే ఏడింటికల్లా రాధారాణి గారు వాకిలి తుడిచి, కాఫీ తాగి, ముందుగది కిటికీ తెరిచి, టంకం కడ్డీ వేడికి పెట్టుకుంటారు. తెనాలిలో మువ్వ రేడియోలు బాగుచేసే మనిషి ఇంకెవరూ మిగల్లేదు మరి. బల్లమీది సెట్లు అప్పటికే కబుర్లలో పడి ఉంటాయి. "ఏమే, నీ గోంగూరలో ఇవాళ ఉప్పెక్కువైందే" అని ఒకటి, "మా ఆడబిడ్డ మళ్ళీ దిగబడింది, నా ప్రాణానికి" అని ఇంకొకటి.

మువ్వ సెట్లు అంతే. ఫ్యాక్టరీలో పుట్టినప్పుడు విన్న మాటలూ, మూగబోయే ముందు విన్న మాటలూ లోపల దాచుకుంటాయి. పాతబడ్డాక అప్పజెబుతాయి. ముందు మొదటివి, తర్వాత చివరివి. మీరు తలకిందులుగా తపస్సు చేసినా ఆ వరస మారదు. దీనికెవరూ నోరు తెరుచుకుని చూడరు. మారీసుపేట టీకొట్టు సెట్టులో ఎనభై ఒకటి నాటి తోడికోడళ్ళ తగువు వస్తుందని జనం పనిగట్టుకుని అక్కడే టీ తాగుతారు, అంతే.

అబ్బో, ఆ మువ్వ కంపెనీ వైభవం చెప్పాలంటే ఒక పూట పడుతుంది! డెబ్భై ఆరులో ప్రభుత్వం పెట్టింది. ఆరొందల మందికి పని. మంగలి షాపులో, పంచాయతీ అరుగు మీద, సినిమా హాలు మేనేజరు గదిలో, ఎక్కడ చూసినా మువ్వే. సెట్టు కావాలంటే ఎమ్మెల్యే చీటీ పట్టుకెళ్ళాలి. తర్వాత రంగుల టీవీలొచ్చాయి, బయటి కంపెనీలొచ్చాయి. మనవాళ్ళేమో ఫైలు హైదరాబాదు వెళ్ళి సంతకమై తిరిగొస్తే తప్ప మర కూడా మార్చలేరాయె. ఆఖరికి పడవలకి వైర్‌లెస్ సెట్లు చేసిస్తామని ఒప్పుకున్నారు. నలభై సెట్లు, మార్చి ముప్పై ఒకటిలోపు.

అవే కొంప ముంచాయి. ఆ నవంబరు తుఫానులో నిజాంపట్నం పడవ ఒకటి దారి తప్పింది. దాని సెట్టు లోపల ఉప్పుపట్టి, మాట బయటికి పంపలేదు. మూడోరోజు పడవ చెక్కలు అడవులదీవి దగ్గర తేలాయి. మనిషి దొరకలేదు. విచారణలో, అన్ని సెట్ల మీదా చెకింగు ఇన్‌స్పెక్టరు నరసింహం గారి సీలుంది కాబట్టి తప్పు ఆయనదే అన్నారు. ఆయన ఉద్యోగం పోయింది. ఏడాది తిరక్కుండా కంపెనీ గేటుకి తాళం పడింది. ఆయనది బాపట్ల. ఒకసారి సూర్యలంక సముద్రపొడ్డుకి వెళ్తే పల్లెవాళ్ళు గుర్తుపట్టి దుమ్మెత్తి పోశారు. ఇక ముప్పై ఏళ్ళుగా ఆయన సముద్రం మొహం చూడలేదు.

ఆమధ్య ఒక మంగళవారం రేపల్లె రైలు దిగి ఒక ముప్పై మూడేళ్ళ మనిషి గోనెసంచితో రాధారాణి గారి గుమ్మంలోకి వచ్చాడు.

"అమ్మగారండి, నా పేరు సింగయ్య, మాది నిజాంపట్నం. ఇది మా వలలో పడిందండి. మా నాయనది."

సంచిలో గవ్వలు పట్టిన వైర్‌లెస్ సెట్టు. ఆవిడ చీరకొంగుతో రుద్దితే నంబరు కనపడింది. ఇరవై ఏడు. పక్కనే నరసింహం గారి సీలు.

"మా నాయన ఏడుకొండలు పోయేటప్పటికి నాకు మూడేళ్ళండి. గొంతెలాగుంటదో కూడా తెలీదు. మాట బయటికి పోకపోయినా ఆయన ఇందులో అరిచే ఉంటాడు కదండి. అది ఒక్కసారి వినాలని మా అమ్మ ఆశ. అమ్మకి గుండె బాలేదు. బాగవదంటే చెప్పేయండి, నేనే ఏదో సర్దిచెప్పుకుంటాను."

బాగవదు నాయనా. ఆ మాట ఆవిడ నాలిక చివరిదాకా వచ్చింది. అనేస్తే అతను నమ్మి వెళ్ళిపోతాడు. ఏడుకొండలు గొంతుకి ముందు ఆ సెట్టు ఎవరి గొంతు వినిపిస్తుందో ఆవిడకి తెలుసు.

ఆ మార్చిలో నరసింహం గారి తల్లి పోయింది. కర్మకి వెళ్తూ ఆయన తన సీలుని, అప్పట్లో తన కింద పనిచేసే రాధారాణి గారి చేతిలో పెట్టి, "అమ్మా, నేనొచ్చేదాకా ఎవరడిగినా వేయకండి" అన్నాడు. పడవ సెట్టేదైనా మూడురోజులు ఉప్పుగదిలో ఉండాలి. ఉప్పునీటి ఆవిరి పట్టించి, అప్పటికీ పలికితేనే సీలు. ముప్పయ్యో తారీఖున మేనేజరు నెత్తిన కూర్చున్నాడు. ఆవిడ ఒక్కరోజుకే అన్నీ బయటికి తీయించి నలభై సెట్లకీ సీలు కొట్టేసింది. విచారణలో నరసింహం గారు సీలు ఇంకొకరికిచ్చానని చెప్పలేదు. ఇద్దరు పిల్లల తల్లి, వీధిన పడుతుందనుకున్నాడు. ఈవిడా నోరు విప్పలేదు. ముప్పై ఏళ్ళు! ఒకసారి తెనాలి స్టేషన్లో ఆయన ఎదురైతే స్తంభం చాటుకి తప్పుకుంది. సిగ్గుతో చచ్చిపోయింది గానీ, చెప్పలేదు.

"వారం ఆగి రా నాయనా," అంది చివరికి.

వారం రోజులు కిరసనాయిలు పెట్టి కడిగింది, తీగలు మార్చింది, కొత్త మైకు తగిలించింది. స్విచ్చి మాత్రం వేయలేదు. ఏడోరోజు బాపట్లకి ఫోను చేసింది.

"నరసింహం గారూ, రేపు నిజాంపట్నం రండి."

"నన్ను అక్కడ నిలబడనిస్తారా అమ్మా?"

"నేనూ వస్తున్నానండి."

మర్నాడు పదిగంటల ఎండలో సింగయ్య తల్లి రావమ్మ వాకిట్లో చేపలు ఆరబోసి ఉన్నాయి. రాధారాణి గారు తెచ్చిన సెట్టుని సింగయ్య మంచం మీద పెట్టాడు. వచ్చిన ముసలాయన ఎవరో తెలియగానే రావమ్మ వంగి గుప్పెడు ఇసుక తీసింది.

"ఆగు రావమ్మా," అంది రాధారాణి గారు. "ముందు విను. తర్వాత ఎవరి మీద పొయ్యాలో నువ్వే చూసుకో."

స్విచ్చి వేసింది. కాసేపు గరగర. తర్వాత ఆడవాళ్ళ నవ్వులు, గిన్నెల చప్పుడు. మేనేజరు గొంతు, "రేపటికి లారీ ఎక్కకపోతే మనందరికీ ఉద్వాసనే." దాని వెనకే వయసులో ఉన్న రాధారాణి గొంతు, గలగలమంటూ: "ఒక్కరోజు ఉంచాంగా సార్, చాల్లెండి! నరసింహం గారి సీలు నా దగ్గరే ఉంది. నేను కొట్టేస్తా."

నరసింహం గారు తల దించుకున్నాడు. రావమ్మ ఆయన్నీ, ఆవిణ్ణీ మార్చి మార్చి చూసింది. ఏదో అనబోయింది. ఈలోగా సెట్టులో గాలి హోరు మొదలైంది, దాంట్లోంచి ఒడ్డున రేవువాళ్ళని పిలుస్తూ ఒక గొంతు.

"రేవూ... రేవూ... నేను ఏడుకొండల్ని. ఎవరన్నా వింటన్నారా?"

సింగయ్య నేలమీద కూలబడ్డాడు. రావమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. అదే మాట మళ్ళీ. మళ్ళీ అదే. రాధారాణి గారు తట్టుకోలేక లేవబోయింది. రావమ్మ ఆవిడ చెయ్యి పట్టి కూలేసింది.

"ఎక్కడికే? నా మొగుడు రెండ్రోజులు అరిచాడు. రెండ్రోజులూ కూచో! అడిగినప్పుడల్లా నువ్వే పలుకు." తర్వాత నరసింహం గారి వైపు తిరిగి, "ఎండలో నిలబెట్టేశాం బాబూ. చూరు కిందికి రండి," అంది ఏడుస్తూనే.

"ఎవరన్నా వింటన్నారా?"

రాధారాణి గారు మైకు నొక్కింది. "వింటున్నానయ్యా ఏడుకొండలూ. తప్పు నాదే. వింటున్నా, చెప్పు."

హోరు కాస్త తగ్గింది.

"హమ్మయ్య," అన్నాడు ఏడుకొండలు. "ఉన్నారా తల్లీ? ఇంకేం పర్లేదు. మా రావమ్మని కాస్త పిలుస్తారా?"

రాధారాణి గారు మైకు రావమ్మ చేతిలో పెట్టి పక్కకి జరిగింది.