పర్లేదంటున్న స్టూలు

సత్యవేణి కాలు ఆస్పత్రి స్టూలుకు తగులుతుంది. అలవాటు కొద్దీ వంగి, దాన్ని తాకి కళ్ళకద్దుకుంటుంది. "పర్లేదండి," అంటుంది స్టూలు.

ఆమె ఉలిక్కిపడదు. ఉలిక్కిపడడానికి ఓపిక కావాలి. నలభై రోజుల ఆస్పత్రి ఆ ఓపికను పూర్తిగా పిండేసింది. మంచం మీద ఆమె భర్త తాతబ్బాయి తెలివి తప్పి పడి ఉన్నాడు. ఊపిరి కూడా పక్కనున్న మిషనే తీసి పెడుతోంది. దాన్ని ఆపాలో ఉంచాలో సాయంత్రం నాలుగింటికల్లా ఆమె చెప్పాలి. "లోపల మనిషి లేడమ్మా, ఉన్నది వొట్టి శరీరం," అని డాక్టరు పొద్దున్నే తేల్చి వెళ్ళాడు. మనిషి ఎటు వెళ్ళాడో మాత్రం చెప్పలేదు.

"ఇన్నాళ్ళూ నోరు విప్పలేదేం?" అని ఆమె స్టూలుని అడుగుతుంది.

"ఇన్నాళ్ళూ తమరు కూర్చున్నారే గానీ తన్నలేదు కదండీ. తన్ని దణ్ణం పెట్టాక కూడా పలక్కపోతే బాగోదు."

"అయితే నీకన్నీ తెలుస్తాయా?"

"అడిగినంతసేపూ తెలుస్తాయండి. అడగడం మానేస్తే మళ్ళీ ఇనుమే."

సబబుగానే ఉందనిపిస్తుంది సత్యవేణికి. సెలైన్ స్టాండుకు, మందుల బల్లకు, గోడకు వరసగా కాలు తగిలించి కళ్ళకద్దుకుంటుంది. అన్నీ పర్లేదంటాయి. గోడ మాత్రం కాస్త విసుగ్గా అంటుంది. పాపం, దానికి తగిలే కాళ్ళు ఎక్కువ. నేల జోలికి ఆమె పోదు. పుట్టినప్పటి నుంచి తొక్కినదానికి దణ్ణాలు మొదలుపెడితే ఈ జన్మకు తెమలదు.

ఇక మిగిలింది ఆయనే.

ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆమె కావాలని ఆయనకు కాలు తగిలించింది లేదు. నిద్రలో పొరపాటున తగిలినా లేచి, ఆయన పాదాలు తాకి మళ్ళీ పడుకునేది. ఇప్పుడు స్టూలు మీద కూర్చుని, కుడికాలు ఎత్తి ఆయన భుజాన్ని తన్నుతుంది. మెల్లగానే, కానీ తన్నే. వెంటనే ఆ భుజాన్ని తాకి కళ్ళకద్దుకుని ఎదురుచూస్తుంది.

తాతబ్బాయి ఏమీ అనడు.

ఆమెకు కోపం వస్తుంది. స్టూలుకున్నపాటి మర్యాద లేదా ఈ మనిషికి? ఆ వెనకే ఏడుపూ వస్తుంది.

"ఆయన పర్లేదనరండి," అంటుంది స్టూలు. "తమరు తప్పు చేశారని అనుకుంటే కదా."

"అంటే, ఉన్నట్టా లేనట్టా?"

"అది నాకెలా తెలుస్తుందండీ? నేను స్టూలుని."

నాలుగవుతుంది. నర్సు రత్నకుమారి వచ్చి, "ఏం చెయ్యమంటారండీ?" అని అడుగుతుంది.

"ఇంక నా వల్ల కాదమ్మా. ఆపేయండి," అంటుంది సత్యవేణి. ఆ మాట ఎవరో పరాయి మనిషి అన్నట్టు వినిపిస్తుంది ఆమెకు.

నర్సు మిషను ఆపేస్తుంది. తాతబ్బాయి ఛాతీ దిగి, మళ్ళీ లేవదు. గది లేస్తుంది. గోడలు ఉబ్బి తగ్గుతాయి, పైకప్పు పొంగి దిగుతుంది. కింది అంతస్తులోంచి గురక మొదలవుతుంది, ముందు సన్నగా, తర్వాత గరగరమంటూ. పెళ్ళయిన నాటి నుంచి ఆమె నిద్ర చెడగొట్టిన గురకే అది. దీని స్విచ్చు ఎక్కడుందోనని నర్సు వెతుక్కుంటూ మెట్లు దిగుతుంది.

సత్యవేణి గోడ మీద అరచెయ్యి ఆనిస్తుంది. "ఏవండీ, కాస్త ఒత్తిగిల్లి పడుకోండి," అంటుంది.

నాలుగంతస్తుల ఆస్పత్రి, మంచాలతో రోగులతో సహా, మెల్లగా గోదావరి వైపు ఒత్తిగిల్లి మోకాళ్ళు ముడుచుకుంటుంది.