ఆయన ఇష్టాల కాపీ

వారానికోసారి ఇల్లంతా తుడిచాక ఆమె చేసే ఆఖరి పని ఒకటుంది. ముందు గదిలో కంప్యూటర్ దగ్గర కూర్చుని, భర్త సీసాల లేబుళ్లు గీసే ప్రోగ్రాం తెరిచి, అందులోని సెట్టింగులన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడం. పాతదాని మీద కొత్తది రాసేయనా అని అది అడిగేది. ఆమె అవునని నొక్కేది. గిన్నె తోమి బోర్లించినంత మామూలుగా జరిగిపోయేది ఆ పని.

ఏళ్ల తరబడి ఒకే ప్రోగ్రాంలో పనిచేసే మనిషి ఇష్టాయిష్టాలు దాని సెట్టింగుల్లోకి దిగిపోతాయన్నది అందరికీ తెలిసిందే. పైపైన అక్షరాల సైజు, రంగుల వరస కనిపిస్తాయి. అడుగున ఆ మనిషికి నచ్చిన పాటలు, నచ్చని కూరలు, గిట్టని చుట్టాలు, అన్నీ ఉంటాయి. పక్కవీధి గుమాస్తా ఒకాయన కంప్యూటర్ మారుస్తూ, తనకంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్న పెద్దాయన కాపీని పొరపాటున ఎక్కించుకున్నాడు. అప్పటిదాకా ముక్కుపొడి వాసనే పడని మనిషి ఆ పూట నుంచి దాన్ని వదల్లేదు. పెళ్లాం నెత్తీ నోరూ బాదుకుంది, ఆ తర్వాత ఊరుకుంది. అందుకే బుద్ధున్నవాళ్లంతా ఎవరి కాపీ వాళ్లు తీసి దాచుకుంటారు.

ఆమె భర్తకి జ్వరం వచ్చి తగ్గింది. తగ్గుతూ తగ్గుతూ ఆయన ఇష్టాలన్నీ పట్టుకుపోయింది. టీ ఇస్తే పక్కన పెట్టేస్తాడు, ఇవ్వకపోతే అడగడు. లేబుల్ మీద పసుపు ఒక్క పిసరు తగ్గితే ప్రెస్సువాళ్లతో పోట్లాటకి దిగే మనిషి, ఇప్పుడు ఏ రంగైనా ఒకటేనంటాడు. ముద్ద నోట్లో పెడితే నమలాలని కూడా అనిపించదు. చూస్తుండగానే చిక్కి శల్యమైపోయాడు. డాక్టరమ్మ పరీక్ష చేసి, ఇలాగే ఉంటే మనిషి దక్కడని మొహం మీదే చెప్పేసింది.

"కాపీ ఉంటే వెంటనే ఎక్కించు తల్లీ. నా దగ్గర దీనికి మందు లేదు," అంది.

కాపీ లేకపోవడమేం, వారం వారం తీస్తూనే ఉందాయె. ఇంటికొచ్చి గబగబా పెన్‌డ్రైవ్ పెట్టి చూసింది. అంతా ఖాళీ. ఆయన మంచాన పడి, ప్రోగ్రాంలోంచీ ఆయన ఇష్టాలు చెరిగిపోయాక కూడా ఆమె క్రమం తప్పకుండా కాపీ తీసింది. ప్రతిసారీ అదే పేరుతో, ఉన్నదాని మీద ఏమీ లేనిదాన్ని రాసుకుంటూ పోయింది. తన వేలితోనే అవునని నొక్కింది. ఎవరినని తిట్టుకుంటుంది?

మర్నాడు మరిది వచ్చాడు. పెళ్లికి ముందు ఆమె భర్త పనిచేసిన ప్రెస్సులోనే ఇప్పుడతను పనిచేస్తున్నాడు. మూలన పడేసిన పాత కంప్యూటర్‌లో అన్నయ్య కాపీ ఒకటి దొరికిందన్నాడు. జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడే గానీ దాని మీంచి చెయ్యి తియ్యలేదు.

"వదినా, ఇది నువ్వు రాకముందుది."

"తెలుసు."

"నీ పేరు గుర్తుంటుంది, పెళ్లి గుర్తుంటుంది. నువ్వంటే ఇష్టం మాత్రం ఉండదు. మళ్లీ కలుగుతుందో లేదో నేను చెప్పలేను."

ఇప్పుడు మాత్రం ఉందా ఏంటి అనుకుంది ఆమె. అనుకుంది గానీ గుండె ఒప్పుకోలేదు. అన్నిటితోపాటు తన మీది ఇష్టమూ పోవడం వేరు, అన్నీ తిరిగొచ్చి తానొక్కతే రాకపోవడం వేరు. పక్కగదిలోకి వెళ్లి భర్త తల దువ్వింది. ఆయన గోడకేసి చూస్తూ దువ్వించుకున్నాడు. తిరిగొచ్చి గుమ్మంలో నిలబడింది.

"అన్నం తింటారా?"

"తింటాడు వదినా. అప్పట్లో అన్నయ్య తిండికి అడ్డే ఉండేది కాదు."

"అయితే ఎక్కించు."

కాసేపటికి పక్కగదిలో కిటికీ తలుపులు తెరుచుకున్న చప్పుడైంది. ఇంత ఉక్కలో ఎలా పడుకోబెట్టారని విసుక్కుంటూ ఆయన బయటికొచ్చాడు. ఆకలేస్తోందన్నాడు. ఆమె వడ్డించింది. ఆయన మారు అడిగి వేయించుకున్నాడు, ఉప్పు తగ్గిందన్నాడు, కూనిరాగం తీస్తూ చెయ్యి కడుక్కున్నాడు. ఆమెకి కడుపు నిండిపోయింది.

ఆయన తమ్ముడి వైపు తిరిగి, ప్రెస్సు మీద తను ఇదివరకు ఉన్న గది ఇంకా ఖాళీగానే ఉందా అని అడిగాడు. మరిది వదిన మొహం చూసి, తలొంచుకుని, ఉందన్నాడు.

"నేనక్కడ ఉంటాను," అన్నాడాయన ఆమెతో, కష్టపెడుతున్నానని తెలిసిన మనిషి గొంతుతో. "నువ్వు మంచిదానివే, కాదనను. కానీ నాకు అక్కడే ఉండాలనుంది."

ఆయన నోట ఏదో ఒకటి కావాలనుందన్న మాట కోసమే ఇన్నాళ్లూ ఆమె దేవుళ్లందరికీ మొక్కింది. అటక మీంచి సంచి దింపి, బీరువా తెరిచి, చొక్కాలన్నీ మంచం మీద పరిచింది. ఏవి కావాలో చెప్పమంది. ఆయన ఒక్కొక్కటీ ఎత్తి చూసి, ఇది కావాలి, ఇది వద్దు అని హుషారుగా చెబుతుంటే, కావాలన్నవి మడిచి సంచిలో పెట్టింది. సంచి సగం కూడా నిండలేదు. ఆమె ఎంచి కొన్నవన్నీ మంచం మీదే ఉన్నాయి.